గోడ మీద ఉమ్మే సాలీడు, దాని జిగురు లెక్కలు

రాత్రి లైట్లు ఆపేశాక బాత్రూం గోడ మీదో, బట్టల అల్మారా వెనకో, హాల్లో పటాల పక్కనో చాలా మెల్లగా నడుచుకుంటూ పోయే సన్నకాళ్ల సాలీడు ఒకటి చాలా ఇళ్లల్లో ఉంటుంది, కానీ దాన్ని ఎవరూ పట్టించుకోరు ఎందుకంటే అది మూలన గూడు కట్టి కూర్చోదు, మనిషిని చూసి సర్రున పరిగెత్తి భయపెట్టదు, సైజు కూడా చిన్నదే, కాళ్లు వదిలేస్తే ఒళ్లు 4 నుంచి 6 మిల్లీమీటర్లు అంతే. లేత పసుపు రంగు, దాని మీద నల్లటి మచ్చలు, కాళ్లకి నల్ల రింగులు. టార్చి వేసి పక్క నుంచి చూస్తే మాత్రం ఒక తేడా వెంటనే తెలుస్తుంది. మామూలు సాలీడుకి తల ఉన్న ముందు భాగం చిన్నగా, చదునుగా ఉంటుంది, పొట్టే పెద్దది. దీనికి ముందు భాగం కళ్ల దగ్గర కిందకి ఉండి వెనక్కి పోయేకొద్దీ పైకి లేస్తూ గుండ్రంగా మూపురంలా తేలి ఉంటుంది, దాదాపు పొట్టంత సైజులో. ఆ మూపురం ఎందుకుందో అర్థమైతే ఈ సాలీడు బతుకంతా అర్థమైనట్టే.

దీని పేరు స్కైటోడిస్ థొరాసికా, ఇంగ్లిష్‌లో స్పిటింగ్ స్పైడర్ అంటారు, అంటే ఉమ్మే సాలీడు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లాట్రెయ్ 1802లోనే దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. దీని సొంత ఊరు యూరప్, మధ్యధరా సముద్రం చుట్టుపక్కల, పశ్చిమ ఆసియా. అక్కడ నుంచి మనుషుల సామాన్లతో పాటు అమెరికా, జపాన్, చైనా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దాకా పాకింది. వెచ్చటి దేశాల్లో రాళ్ల కింద కూడా ఉంటుంది, ఇంగ్లండ్ లాంటి చలి చోట్ల అయితే ఇళ్ల లోపలే, అదీ ఎక్కువగా దక్షిణ భాగంలో. స్కైటోడిస్ అనే ఈ గుంపులో ప్రపంచం మొత్తం మీద 200కి పైగా జాతులు ఉన్నాయి, వాటిలో థొరాసికాతో పాటు ఫస్కా, పాలిడా అనేవి కూడా భారత్ సాలీళ్ల జాబితాల్లో ఉన్నాయి. ఫస్కా అయితే అమెరికా ఖండం వేడి ప్రాంతాల నుంచి బయల్దేరి ఇప్పుడు ఉష్ణమండలంలో చాలా చోట్ల ఇళ్లల్లో సెటిలైపోయింది. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గోడ మీద మూపురం ఉన్న సాలీడు కనిపిస్తే అది స్కైటోడిస్ అని ధైర్యంగా చెప్పొచ్చు గానీ వాటిలో ఏది అనేది ఫోన్‌లో తీసిన ఫొటో చూసి తేల్చడం కష్టం, దానికి మైక్రోస్కోప్ కింద జననాంగాలు చూడాలి. అయితే పని చేసే పద్ధతి అన్నింటిదీ ఒకటే.

ఇప్పుడు మూపురం సంగతి. చాలా సాలీళ్లకి తల భాగంలో విషం గ్రంథులు రెండు ఉంటాయి, వాటి నుంచి సన్నటి నాళం కోర దాకా వస్తుంది, కరిస్తే విషం ఎక్కుతుంది, అంతే. ఉమ్మే సాలీడులో ఆ గ్రంథులు బాగా పెరిగిపోయి రెండు భాగాలుగా విడిపోయాయి. ముందు భాగంలో విషం తయారవుతుంది, వెనక భాగం, అదే పెద్దది, జిగురు తయారుచేస్తుంది. ఆ మూపురంలో ఎక్కువ చోటు ఈ గ్రంథులదీ, వాటిని నొక్కే కండరాలదీ. ఇంకో విశేషం ఏంటంటే బయటికొచ్చేది ఒట్టి జిగురు కాదు, అందులో పట్టుదారం లాంటి పోగులు కూడా ఉంటాయి. సాలీడు దారం అనగానే పొట్ట చివర నుంచే వస్తుందని అందరికీ తెలుసు, దీనికి ఆ దారం కూడా ఉంది, కానీ అది చాలదన్నట్టు తలలో ఇంకో రకం దారం తయారుచేసి కోరల నుంచి వదులుతుంది. సాలీళ్లలో ఇలా కోరల నుంచి దారంతో కూడిన జిగురుని దూరంగా కొట్టే పద్ధతిని ఇంత బాగా పెంచుకున్న కుటుంబం ఇదే.

కొట్టడం ఎలా జరుగుతుందో కంటికి కనపడదు. ఎర మీద ఉన్నట్టుండి వంకర టింకర గీతలు రెండు ప్రత్యక్షమవుతాయి, పురుగు గోడకి అతుక్కుపోయి ఉంటుంది, మధ్యలో ఏం జరిగిందో మన కంటికి అందదు. 2009లో అమెరికాలో రాబర్ట్ సూటర్, గెయిల్ స్ట్రాటన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు థొరాసికా మీద హైస్పీడ్ కెమెరా పెట్టి దీన్ని కొలిచి ఒక పేపర్ రాశారు, ఈ సాలీడు గురించి ఇప్పుడు చెప్పుకునే అంకెల్లో నమ్మదగ్గవి చాలావరకు అక్కడివే. వాళ్లు చూసింది ఏంటంటే, సాలీడు కోరలున్న దవడల్ని కింద నుంచి పైకి లేపుతుంది, అదే టైంలో కోరలు పక్కలకి, బయటికీ లోపలికీ, భయంకరమైన స్పీడ్‌లో ఊగుతాయి. సెకనుకి 278 సార్ల నుంచి 1781 సార్ల దాకా. దవడ పైకి లేస్తుంటే కోర పక్కలకి ఊగుతుంది కాబట్టి బయటికొచ్చే జిగురు తిన్నగా గీతలా పడకుండా జిగ్‌జాగ్‌గా పడుతుంది. రెండు కోరలు, రెండు జిగ్‌జాగ్‌లు. దవడ ఒకసారి పైకి లేచే లోపల కోర 5 నుంచి 57 సార్లు ఊగుతుంది, ఈ మొత్తం తతంగం మామూలుగా 30 మిల్లీసెకన్ల లోపే అయిపోతుంది. మనిషి కన్ను ఒకసారి ఆర్పడానికి 100 మిల్లీసెకన్ల పైనే పడుతుంది కాబట్టి కన్నార్పకుండా చూసినా ప్రయోజనం లేదు.

ఆ కొలతల్లోనే ఇంకో చిన్న సంగతి ఉంది, పెద్దగా ఎవరూ చెప్పరు గానీ తెలివంతా అక్కడే ఉందనిపిస్తుంది. కోర బయట నుంచి లోపలికి వచ్చేటప్పుడు పడే దారం మీద జిగురు బొట్లు ఉంటాయి, అదే కోర లోపల నుంచి బయటికి పోయేటప్పుడు పడే దారం మీద ఆ బొట్లు ఉండవు. అంటే జిగ్‌జాగ్‌లో ఒక గీత జిగురు పూసలతో, తర్వాతి గీత ఒట్టి దారం, మళ్లీ జిగురు, మళ్లీ దారం. అతికించే పని ఒకదానిది, కట్టేసే పని ఇంకోదానిది. జిగురు మొత్తం ఒకే చోట ముద్దలా పడితే ఎర తప్పించుకునే చాన్స్ ఎక్కువ, ఇలా నిచ్చెన మెట్లలా అడ్డంగా పరుచుకుంటే రెక్కలు, కాళ్లు, కింద ఉన్న గోడ అన్నీ కలిపి కుట్టేసినట్టు అవుతుంది.

జిగురు బయటికొచ్చే స్పీడ్ ఎక్కువలో ఎక్కువ సెకనుకి 28.8 మీటర్లు అని కొలిచారు. గంటకి లెక్కేస్తే 104 కిలోమీటర్లు దాదాపు. ఈ నంబర్ వినగానే అందరూ ఆశ్చర్యపోతారు, కానీ అది పోయే దూరం సెంటీమీటరు, మహా అయితే రెండు. సెంటీమీటరు దూరాన్ని ఆ స్పీడ్‌లో దాటడానికి సెకనులో దాదాపు మూడు వేల వంతు చాలు. దోమకో ఈగకో ఎగిరిపోవాలనే ఆలోచన వచ్చే లోపల పని అయిపోతుంది, అది అసలు ఉపయోగం. నెట్‌లో చాలా చోట్ల ఈ ఉమ్మడం సెకనులో 700వ వంతులో అయిపోతుందని రాసి ఉంటుంది, ఒకరిది చూసి ఒకరు రాసుకుంటూ పోయారు. 700వ వంతు అంటే ఒకటిన్నర మిల్లీసెకను కూడా కాదు, కోర సెకనుకి 1781 సార్లు ఊగినా అంత టైంలో మూడు ఊపులు కూడా పూర్తి కావు, అలాంటప్పుడు 5 నుంచి 57 ఊపుల జిగ్‌జాగ్ ఎక్కడి నుంచి వస్తుంది. కాబట్టి 30 మిల్లీసెకన్ల లోపు అనే మాటే సరైనది, అదేం తక్కువ స్పీడ్ కాదు కూడా.

పడిన తర్వాత కథ అయిపోలేదు. బయటికొచ్చిన దారం 0.2 సెకన్లలోనే 40 నుంచి 60 శాతం కుంచించుకుపోతుంది. అంటే ఎర మీద వదులుగా పడ్డ గీతలు దానికదే బిగుసుకుంటాయి, సాలీడు వచ్చి లాగి ముడేయాల్సిన పని లేదు. ఒక్క కోర వదిలిన మొత్తం దారం కలిపి లాగే బలం 0.1 నుంచి 0.3 మిల్లీన్యూటన్లు. అదెంత అని అనిపిస్తుంది, కానీ దోమ బరువు సుమారు రెండున్నర మిల్లీగ్రాములు అనుకుంటే ఆ బలం నాలుగు దోమల బరువు నుంచి పన్నెండు దోమల బరువు దాకా వస్తుంది, అదీ ఒక్క కోర లెక్క, రెండో కోరది ఇంకా కలపలేదు. అతుక్కున్న దోమ రెక్క విప్పుకోవాలంటే ఆ బలాన్ని దాటాలి.

కోరలు అంత స్పీడ్‌గా ఎలా ఊగుతాయి అనేది వేరే ప్రశ్న. సెకనుకి వెయ్యి సార్లకి పైగా కండరాన్ని బిగించి వదలడం అంత తేలికైన సంగతి కాదు. వెల్వెట్ వార్మ్ అనే మెత్తటి అడవి జీవి ఒకటుంది, మన దేశంలో అరుణాచల్ సియాంగ్ లోయలో కూడా ఒక జాతి దొరికింది, అది కూడా జిగురు చిమ్మి వేటాడుతుంది, దాని జిగురు కూడా అటూ ఇటూ ఊగుతూనే పడుతుంది. 2015లో వచ్చిన ఒక స్టడీ ప్రకారం దాంట్లో ఊగడానికి కండరం అక్కర్లేదు, మెత్తటి గొట్టంలోంచి ద్రవం జోరుగా పోతుంటే గొట్టమే దానంతటదే ఊగుతుంది, సెకనుకి 30 నుంచి 60 సార్లు. జిగురు స్పీడ్ సెకనుకి 3 నుంచి 5 మీటర్లు. ఈ రెంటికీ చుట్టరికం అసలు లేదు, పైగా సాలీడు కోర గట్టిది, ఊపులు ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి ఒకదాని జవాబు ఇంకోదానికి అలాగే పెట్టేయలేం. కానీ రెండు వేరు వేరు జీవులు జిగురుని ఊపుతూ చల్లడం దగ్గరికే వచ్చి ఆగాయంటే ఆ పద్ధతిలో లాభం ఉండే ఉంటుంది.

ఇంత ఆయుధం ఉన్న సాలీడు మిగతా విషయాల్లో చాలా బలహీనంగా ఉంటుంది, ఈ రెండూ కలిపి చూడాలి. చాలా సాలీళ్లకి ఎనిమిది కళ్లు ఉంటే దీనికి ఆరే, మూడు జతలుగా, అవి కూడా పెద్దగా చూడలేవు. పరుగు లేదు. కాళ్లు సన్నగా పుల్లల్లా ఉంటాయి, ఎరని పట్టుకుని కుస్తీ పట్టే బలం వాటిలో లేదు. కోరలు పొట్టివి, దవడలు మొదట్లో కలిసిపోయి ఉంటాయి, గట్టిగా కరిచి పట్టుకోవడం దీని వల్ల కాదు. థొరాసికా ఎరల్ని పట్టే వల కూడా కట్టదు, రాత్రుళ్లు తిరిగి వెతుక్కుంటుంది. అంటే గూడు లేదు, చూపు లేదు, కండ లేదు, పరుగు లేదు. ఉన్నదల్లా కాళ్ల మీద గాలి కదలికని పసిగట్టే సన్నటి వెంట్రుకలు, పొడుగాటి ముందు కాళ్లు, మూపురం నిండా జిగురు. ముందు కాళ్లతో తడుముకుంటూ, గాల్లో వచ్చే అలజడిని బట్టి ఎర ఎక్కడ, ఎంత దూరంలో ఉందో లెక్క చూసుకుని ఒక సెంటీమీటరు దగ్గరికి వచ్చాక ఆగి కొడుతుంది. తర్వాత హడావిడి లేదు, మెల్లగా దగ్గరికి పోయి చాలాసార్లు కాలి దగ్గర కరుస్తుంది, విషం ఎక్కాక పొట్ట వెనక దారంతో చుట్టుకుని తీరిగ్గా తింటుంది. చిన్న రెక్కల పురుగులు, ఈగలు, దోమలు, పుస్తకాల్లో తిరిగే సిల్వర్‌ఫిష్, అన్నింటికన్నా ముఖ్యంగా తన కన్నా బలమైన వేరే సాలీళ్లు. వేరే సాలీడుతో కొట్లాటకి దిగితే గెలవలేదు కాబట్టి కొట్లాట జరగకుండా ముందే అతికించేస్తుంది.

ఇక్కడే జిగురు ఖర్చు ప్రశ్న వస్తుంది, ఈ సాలీడు గురించి చెప్పుకోవాల్సింది స్పీడ్ కన్నా ఇదే. జిగురంటే ప్రొటీన్, అది తిన్న తిండి నుంచే తయారవ్వాలి, తిండి దొరికేదే కొంచెం. కొట్టిన ప్రతిసారీ నిల్వ తగ్గుతుంది, మళ్లీ నిండటానికి టైం పడుతుంది, ఆ లోపల ఇంకేదైనా ఎదురైతే చేతిలో ఏమీ ఉండదు. అందుకని కనపడ్డ ప్రతిదాని మీదా ఉమ్మేసుకుంటూ పోతే ఇది బతకదు. సింగపూర్‌లో క్లెమెంట్స్, డైకిన్ లీ అనే ఇద్దరు దగ్గరి జాతి అయిన స్కైటోడిస్ పాలిడా మీద ఇదే పరీక్షించి 2005లో రాశారు, ఎంత ఉమ్మాలో సాలీడు కంట్రోల్ చేసుకుంటుందని తేలింది, ఎర గింజుకునే దాన్ని బట్టి ఖర్చు మారుతుంది. ఇంకోటి కూడా తేలింది, ఉమ్మి పడినంత మాత్రాన ఎర విషంతో చచ్చిపోదు. ఈ ఉమ్మిలో విషం కలిసి ఉంటుందని, అది తగలగానే ఎర పడిపోతుందని పాత రాతల్లో ఉంటుంది, థొరాసికా ఉమ్మి గురించి సూటర్ వాళ్లు కూడా దారం, జిగురు, విషం మిశ్రమం అనే రాశారు. అయితే పాలిడాలో మాత్రం పట్టుకునేది జిగురు, చంపేది కాటు, రెండు పనులూ వేరని పరీక్ష చెప్తోంది. విషం ఖరీదైన సరుకు, గాల్లో చల్లేసేదాని కన్నా దగ్గరికి పోయి ఎక్కించడమే పొదుపు, కాబట్టి ఈ ఫలితం నమ్మబుద్ధి అయ్యేదే.

ఆయుధం నోట్లో ఉండటం వల్ల ఇంకో పెద్ద చిక్కు ఉంది, గుడ్లు. ఆడ సాలీడు గుడ్లని ఎక్కడో అతికించి వెళ్లిపోదు, సన్నటి దారంతో వదులుగా మూట కట్టి దవడలతో పట్టుకుని, పొట్ట చివర నుంచి ఒక పోగు వేసి, ఒంటి కింద మోసుకుని తిరుగుతుంది. గుడ్లు ఒక్కొక్కటి విడివిడిగా కనపడతాయి, మూట గోడ అంత పల్చన. థొరాసికా మూటలో 20 నుంచి 35 గుడ్లు ఉంటాయి. పిల్లలు బయటికొచ్చేదాకా ఇదే పని. మూట నోట్లో ఉన్నప్పుడు ఉమ్మాలంటే ముందు దాన్ని దించాలి, దించితే గుడ్లకి ప్రమాదం, దించకపోతే తనకి ప్రమాదం. ఈ చిక్కు సాలీడుకే కాదు, దాన్ని తినే వాళ్లకి కూడా తెలుసు.

ఫిలిప్పీన్స్‌లో లాస్ బానోస్ అనే చోట పాలిడా చాలా ఉంటుంది, అది గెంతే సాలీళ్లని వేటాడి తింటుంది. అదే చోట పోర్షియా లాబియాటా అనే గెంతే సాలీడు ఉంది, దాని వృత్తే వేరే సాలీళ్లని తినడం, చూపు చాలా చురుకు. అంటే ఇక్కడ ఒకదాన్ని ఒకటి తింటాయి, ఎవరు ముందు కొడితే వాళ్లది భోజనం. న్యూజిలాండ్‌కి చెందిన రాబర్ట్ జాక్సన్, డైకిన్ లీ, వాళ్ల తోటి శాస్త్రవేత్తలు ఈ జంట మీద ఏళ్ల తరబడి పని చేశారు. వాళ్లు చూసింది ఇది: లాస్ బానోస్ పోర్షియా మామూలు పాలిడాని చూస్తే ఎదురుగా పోదు, ఎంత దూరమైనా చుట్టు తిరిగి, మధ్యలో ఎర కనపడకుండా పోయినా సరే, వెనక వైపు నుంచి దిగుతుంది, ఎందుకంటే జిగురు ముందుకే పడుతుంది. అదే పాలిడా నోట్లో గుడ్ల మూట ఉంటే ఈ చుట్టు తిరుగుడు తగ్గిపోయి దగ్గరి దారిలో ఎదురుగానే వచ్చేస్తుంది, నోరు ఖాళీ లేనిది ఉమ్మదని. ఇంకా కొండల మీద సగాడా అనే ఊరు ఉంది, అక్కడ కూడా ఇదే పోర్షియా జాతి ఉంది కానీ ఉమ్మే సాలీళ్లు లేవు, సగాడా పోర్షియాలకి ఈ జాగ్రత్త అంతగా లేదు. ల్యాబ్‌లో పెరిగిన వాటితో పరీక్షించినా తేడా అలాగే ఉంది కాబట్టి ఇది చూసి నేర్చుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది. ఒక ఊళ్లో ఉమ్మే సాలీడు ఉండటం వల్ల ఇంకో సాలీడు పుట్టుక స్వభావమే మారిపోయిందన్నమాట.

పాలిడా కూడా ఊరుకోలేదు. డైకిన్ లీ 2002లో చూపించిన దాని ప్రకారం తల్లి మోస్తున్న గుడ్లకి దగ్గర్లో పోర్షియా రసాయన ఆనవాళ్లు ఉంటే ఆ గుడ్లు మామూలు టైం కన్నా ముందే పొదుగుతాయి. ముందే బయటికొచ్చిన పిల్లలు సైజులో చిన్నగా ఉంటాయి, అది నష్టమే, కానీ తల్లి నోరు త్వరగా ఖాళీ అవుతుంది. చిన్న పిల్లలు కావాలా, నోట్లో మూటతో పోర్షియాకి దొరికిపోవడం కావాలా అంటే చిన్న పిల్లలే మేలు. ఇదంతా ఎవరో కూర్చుని ఆలోచించి చేస్తున్నది కాదని గుర్తుపెట్టుకోవాలి, లెక్క తప్పినవి మిగల్లేదు, అంతే.

పిల్లల విషయంలో ఈ గుంపులో రకరకాలు ఉన్నాయి. పాలిడా పిల్లలు కొంతకాలం తల్లి గూట్లోనే ఉండి తల్లి పట్టిన ఎరని తింటాయి. ఫస్కా ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో చాలా సాలీళ్లు కలిసి ఒకే చోట గూళ్లు కట్టుకుని ఉంటాయని 1980ల్లోనే రాశారు. మడగాస్కర్‌లో 2006లో కొత్తగా వర్ణించిన ఒక జాతికి అయితే గుంపుగా బతుకుతుందని సోషియాలిస్ అనే పేరే పెట్టారు. మన ఇంటి గోడ మీద తిరిగే థొరాసికా మాత్రం ఒంటరిదే. అయితే సాలీళ్లలో ఆయుష్షు ఎక్కువే, ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల దాకా బతుకుతుందని లెక్క, అంటే ఈ పండక్కి అల్మారా వెనక కనిపించిందే వచ్చే పండక్కీ కనిపించొచ్చు.

ఇంట్లో దీన్ని దేనితో పొరపాటు పడతారంటే ముందు పొడుగుకాళ్ల బూజు సాలీడుతో. మన ఇళ్లల్లో పండగ ముందు బూజుకర్రతో దులిపేది ఎక్కువ శాతం ఆ సాలీడు గూళ్లే. అది కూడా గుడ్లు నోట్లోనే పట్టుకుంటుంది కాబట్టి గుడ్ల మూట ఒక్కటీ చూసి ఉమ్మే సాలీడు అనుకోకూడదు. తేడా సులువు, బూజు సాలీడు గూట్లో తలకిందులుగా వేలాడుతుంది, ముట్టుకుంటే ఒళ్లంతా గడగడా ఊగిపోతుంది, కాళ్లు ఇంకా చాలా పొడుగు. ఉమ్మేది గోడ మీద నడుస్తుంది, ఊగదు. అమెరికాలో ఇంకో పొరపాటు ఉంది, అక్కడున్న తెలుగువాళ్లకి ఇది పనికొస్తుంది. బ్రౌన్ రెక్లూస్ అనే సాలీడు కాటు నిజంగా పుండు చేస్తుంది, దానికీ ఆరు కళ్లే, మూడు జతలే, రెండు కుటుంబాలకీ దూరపు చుట్టరికం కూడా ఉంది. ఆరు కళ్లు చూసి గాభరా పడే వాళ్లు ఒంటి మీద మచ్చలు చూడాలి. రెక్లూస్ మచ్చలు లేకుండా ఒకే గోధుమ రంగులో ఉండి ముందు భాగం మీద వయొలిన్ ఆకారంలో ఒక ముదురు గుర్తు ఉంటుంది, దాని ముందు భాగం చదును. మూపురం, చుక్కలు, కాళ్లకి రింగులు ఉన్నాయంటే అది రెక్లూస్ కాదు.

మనిషికి దీని వల్ల ఏం కాదు. కోరలు మన చర్మంలో దిగేంత లేవు, ఉమ్మి రెండు సెంటీమీటర్లు దాటదు, అది చర్మం మీద పడ్డా ఎండిన జిగురు అంతే. మన దగ్గర సాలీడు పాకితే పొక్కులొస్తాయి, సాలీడు ఉచ్చపోస్తే ఒళ్లు మండుతుంది అనే మాట చాలా ఇళ్లల్లో ఉంది, ఉమ్మే సాలీడు అనే పేరు వింటే ఆ నమ్మకం ఇంకా గట్టిపడిపోయే ప్రమాదం ఉంది. అలా రాత్రి పడుకుని లేచాక మెడ మీదో చేతి మీదో గీతలా ఎర్రగా కమిలి పొక్కులొచ్చే కేసుల్లో చాలావాటికి కారణం సాలీడు కాదు, పెడెరస్ అనే చిన్న నారింజ-నలుపు చారల పురుగు. వానాకాలంలో ట్యూబ్‌లైట్‌కి వస్తుంది, అది కుట్టదు, కరవదు, ఒంటి మీద వాలినప్పుడు చేత్తో నలిపేస్తే దాని ఒంట్లోని పెడెరిన్ అనే రసం అంటుకుని ఒకటి రెండు రోజుల్లో చర్మం కాలినట్టు అవుతుంది. నలిపింది నిద్రలో కాబట్టి గుర్తుండదు, పొద్దున్నే గోడ మీద సాలీడు కనపడుతుంది, నింద దాని మీద పడుతుంది. అలా గీతలా మండితే సబ్బుతో కడుక్కుని ఎక్కువైతే చర్మం డాక్టర్‌కి చూపించుకోవాలి.

అలాగని ఈ సాలీడు ఉంటే ఇంట్లో దోమలు పోతాయని రాసే వాళ్ల మాట కూడా నమ్మక్కర్లేదు. 5 మిల్లీమీటర్ల జీవి, మెల్లగా నడిచేది, జిగురు లెక్క చూసుకుని వాడేది, తిన్నాక తీరిగ్గా కూర్చునేది, రాత్రికి ఎన్ని దోమల్ని పడుతుంది. దీని వల్ల దోమతెర మానేయలేం. ఉండనివ్వడానికి కారణం లాభం కాదు, నష్టం లేకపోవడం. గోడ పాడు చెయ్యదు, బూజు పెట్టదు. బూజుకర్ర దీని జోలికి పెద్దగా రాదు గానీ బొద్దింకల కోసం మూలమూలకీ కొట్టే స్ప్రే మాత్రం దీన్ని కూడా చంపేస్తుంది, ఎందుకంటే ఆ మూలలే దీని నడకదారి, పైగా మందు తిన్న పురుగుల్నే ఇది తింటుంది.

బయట వదిలేద్దాం అనుకుంటే గాజు గ్లాసు బోర్లించి కింద కాగితం దూర్చితే చాలు, పరిగెత్తదు కాబట్టి తేలిక. గ్లాసులో ఉన్నప్పుడు కెమెరా జూమ్ చేసి నోటి దగ్గర చూడండి, లేత రంగు గుడ్ల మూట ఉంటే ఉన్నచోటే వదిలేయడం మంచిది, కంగారులో మూట జారవిడిస్తే గుడ్లు పాడైపోవచ్చు. ఉమ్మడం చూడాలని ఉంటే మూట లేనిదాన్ని చూసుకుని, గోడ మీద దాని దారిలో ఏదైనా చిన్న పురుగు ఆగి ఉన్నప్పుడు ఫోన్‌లో స్లోమోషన్ పెట్టి ఎదురుచూడాలి. సెకనుకి 240 ఫ్రేముల ఫోన్‌లో 30 మిల్లీసెకన్లకి ఏడు ఫ్రేములు వస్తాయి, కోరల ఊపు కనపడదు గానీ గీతలు పడటం, ఆ తర్వాత 0.2 సెకన్లలో అవి బిగుసుకోవడం దాదాపు యాభై ఫ్రేముల్లో దొరుకుతాయి. ముందు కాళ్లు రెండూ గాల్లోకి లేపి కదలకుండా ఆగిందంటే రికార్డ్ నొక్కేయొచ్చు, ఆ తర్వాత ఎక్కువసేపు ఉండదు.